పడని మందు

కృపామణిని ఆ ఆసుపత్రికి వచ్చేవాళ్ళంతా సిస్టరమ్మా అని పిలిచేవాళ్ళు. ఆమె సిస్టర్ కాదు. ఈసీజీ తీసే టెక్నీషియన్.

సూళ్లూరుపేటలో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో పన్నెండు మంచాల ఆసుపత్రి అది. డాక్టర్ భానుచందర్ ఒక్కడే డాక్టరు. పద్ధతిగా నర్సు చదువు చదివింది ఆనందమ్మ ఒక్కతే. మిగతా పనులు ఎవరికి చేతనైనంత వాళ్ళు చేసేవాళ్ళు. కృపామణి తెల్లకోటు వేసుకుని ఈసీజీ మిషన్ తోసుకుంటూ మంచం దగ్గరికి రాగానే పక్కన కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి, "సిస్టరమ్మా, మా నాయనకు ఎట్లుండాది?" అని అడిగేవాళ్ళు. మొదట్లో ఆమె, "నేను సిస్టర్ని కాదు, పరీక్ష తీసేదాన్ని" అని చెప్పేది. కొన్నాళ్ళకు చెప్పడం మానేసింది. ఆ పిలుపు ఆమెకు ఇష్టమైపోయింది.

ఇంటర్‌లో ఆమె బైపీసీ. నర్సింగ్ చదవాలని అప్పటినుంచే కోరిక. ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలోనే తండ్రికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. మూడేళ్ళ చదువు చదివించే స్థోమత ఇంట్లో లేకపోయింది. తొందరగా పని దొరుకుతుందని తిరుపతిలో ఈసీజీ కోర్సు చదివి ఇక్కడ చేరింది. చేరి పదేళ్ళయింది. ఈ పదేళ్ళలో తండ్రి పోయాడు, జోయల్‌తో పెళ్ళయింది, జెస్సీ పుట్టింది. జోయల్ తడ దగ్గర ఒక కంపెనీలో షిఫ్టు పనికి పోయేవాడు. నెమ్మదైన మనిషి.

ఈసీజీ తీసే మనిషికి రోగితో ఉండే పని అయిదు నిమిషాలు. ఛాతీ మీద జెల్లు పూసి, చేతులకూ కాళ్ళకూ క్లిప్పులు పెట్టి, కాగితం చించుకుని వెళ్ళిపోవడమే. ప్రాణం పోయాక కూడా ఆమెనే పిలిచేవాళ్ళు. గీత తిన్నగా వచ్చిందని డాక్టరుకు చూపించాలి గదా. మధ్యలో ఆ మనిషి ఎట్లా ఉన్నాడో, ఏం తిన్నాడో, ఎవరి కోసం చూశాడో అంతా ఆనందమ్మకు తెలిసేది. కృపామణికి తెలిసేది కాదు. ఆ మధ్యలో ఉండే పని తనకు కావాలని ఆమె అనుకునేది.

ఒకరోజు అన్నం తినేటప్పుడు ఆ మాట ఆనందమ్మతో అంది. ఆనందమ్మది చిత్తూరు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళు నొప్పులున్నా రోజంతా నిలబడే ఉండేది.

"నీకిప్పుడు ఎన్నేండ్లు?" అంది ఆనందమ్మ.

"ముప్పై రెండు నిండినాయక్కా."

"ముప్పై అయిదు దాకా తీసుకుంటారు. మూడేండ్ల కోర్సు. ఇంటికాడ కూసోని సదివేది కాదు, పొద్దన లేచి వార్డులో ఉండాల్సిందే. ఇంట్లో ఒప్పుకుంటారా?"

జోయల్ ఒప్పుకున్నాడు. "పాపను మా అమ్మ సూసుకుంటాది. నువ్వు పో" అన్నాడు. అప్పటినుంచి కృపామణి చదువుకు సిద్ధమవడం మొదలుపెట్టింది. ఆరో తరగతి నుంచి చదివిన బడుల చుట్టూ తిరిగి స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకుంది. తడ దగ్గర బడిలో పాత రిజిస్టర్లు చెదలు తిన్నాయంటే నాలుగు సార్లు పోయి హెడ్మాస్టరును పట్టుకుంది. తమ్ముడి దగ్గరున్న బయాలజీ పుస్తకం తెప్పించుకుని జెస్సీ హోంవర్కు రాసుకునేటప్పుడు పక్కనే కూర్చుని చదువుకునేది. మధ్యాహ్నం జనం తగ్గాక ఆనందమ్మ ఆమెకు పని చూపించేది. మొదట బత్తాయిపండు మీద సూది గుచ్చించింది. తర్వాత తన చేతి మీదే గుచ్చించుకుంది. కృపామణి చెయ్యి తేలిక. రెండు నెలల్లో నరం వెతికి సెలైన్ ఎక్కించే కాన్యులా గొట్టం పెట్టడం నేర్చుకుంది.

డాక్టర్ భానుచందర్ అది చూసి, "మంచిదే, ఒక చెయ్యి తోడైంది" అన్నాడు. అప్పటినుంచి ఆనందమ్మకు తీరిక లేనప్పుడు సెలైన్లు ఎక్కించడం, సూదులు వెయ్యడం కృపామణి చేసేది. చదవబోయే చదువును ముందే చేత్తో నేర్చుకుంటున్నట్టు ఆమెకు సంతోషంగా ఉండేది. అది తప్పని ఆ ఆసుపత్రిలో ఎవరికీ తోచలేదు.

ఆ యేడు ఆషాఢంలో చిత్తూరులో ఆనందమ్మ చెల్లెలు పోయింది. ఆనందమ్మ నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళింది. రెండో రోజు పొద్దున పది గంటలప్పుడు పులికాట్ ఒడ్డు పల్లెనుంచి మునెయ్య అనే ముసలాయన వచ్చాడు. రొయ్యల కోసం బురదలో దిగినప్పుడు ఆల్చిప్ప కోసుకుని కాలు చీము పట్టింది. వెంట భార్య తిరుమలమ్మ, చేతిలో ఒక గుడ్డ సంచి. డాక్టరు కాలు చూసి, కట్టు కట్టించి, చీటీ మీద మందులు రాశాడు. "ఈ యాంటీబయాటిక్ నరానికి వెయ్యమ్మా. సాయంత్రం దాకా ఉంచుకుందాం" అని కృపామణికి చెప్పి, నాయుడుపేటలో ఇంకో క్లినిక్ చూడాలని కారెక్కి వెళ్ళిపోయాడు. వచ్చినాయనకు ఏ మందైనా పడదా అని డాక్టరు అడగలేదు. కృపామణీ అడగలేదు.

మునెయ్య మాటకారి. ఆమె నరం వెతుకుతుంటే, "మెల్లిగా గుచ్చు తల్లా. ఆల్చిప్ప కంటే నీ సూదికే ఎక్కువ భయం నాకు" అన్నాడు. తిరుమలమ్మ నవ్వింది. కృపామణీ నవ్వింది. సూది మొదటిసారికే సరిగ్గా పడింది. మందు నెమ్మదిగా ఎక్కించింది. సిరంజి తీసేసి దూది అద్దుతుండగా ఆయన మెడ గోక్కున్నాడు.

"ఒళ్ళంతా దురద పుడతా ఉండాది మ్మా."

ఆమె చూస్తుండగానే చేతుల మీద దద్దుర్లు లేచాయి. పెదవులు లావెక్కాయి. "గొంతు పట్టేస్తాండాది" అని లేచి కూర్చున్నాడు. ఊపిరి కోసం నోరు తెరిచాడు. కృపామణి ఒక్క పరుగున పోయి ఈసీజీ మిషన్ తెచ్చింది. గుండెలదిరే వేళ మనిషికి తెలిసిన పనే చేతికొస్తుంది. ఆమెకు తెలిసింది అదే. క్లిప్పులు పెట్టింది. జెల్లు పూసింది. గీతలు ఒకదాని మీద ఒకటి పడి దౌడు తీస్తున్నాయి. కాగితం బయటికి వస్తూనే ఉంది. అది చూస్తూ ఆమె రెండు నిమిషాలు నిలబడిపోయింది. ఆ మనిషి ప్రాణం నిలబెట్టే మందు ఉన్న ట్రే మంచానికి నాలుగడుగుల దూరంలో అల్మరాలో ఉంది.

తర్వాత డాక్టరుకు ఫోన్ చేసింది.

"అడ్రినలిన్ వేశావా?" అని అరిచాడాయన.

"ఎంత వెయ్యాల సార్?"

ఆయన చెప్పాడు. ట్రే తెరిచింది. మొదటి గాజు సీసా వేళ్ళమధ్య పగిలి బొటనవేలు తెగింది. రెండోది విరిచి, సిరంజిలోకి తీసి, తొడలో వేసింది. అప్పటికే మునెయ్య కళ్ళు తేలవేశాడు. తిరుమలమ్మ ఆయన కాళ్ళు రుద్దుతూ, "ఏమైంది మ్మా, ఏమైంది?" అంటూనే ఉంది. డాక్టరు వచ్చేసరికి అరగంట పట్టింది. వచ్చి ఛాతీ నొక్కాడు. ఏవేవో మందులు వేశాడు. చివరికి తలెత్తకుండానే, "ఈసీజీ తియ్యి" అన్నాడు.

కృపామణి తీసింది. గీత తిన్నగా వచ్చింది.

డాక్టర్ భానుచందర్ ఆ కాగితం పట్టుకుని తిరుమలమ్మతో, "గుండె ఆగిపోయిందమ్మా. వయసైంది గదా, కాలు చీము రక్తంలోకి పోయింది" అన్నాడు. ఆమె ఆ కాగితం వైపు చూసి తల ఊపింది. తరువాత సంచి భుజానికి తగిలించుకుని కొడుకు మునిశేఖర్‌కు ఫోన్ చేయించింది. మధ్యాహ్నం వ్యాను మాట్లాడుకుని శవాన్ని తీసుకుపోయారు.

వాళ్ళు వెళ్ళాక డాక్టరు కృపామణిని గదిలోకి పిలిచాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. "ఎవరికైనా జరుగుతుందిది. నువ్వు నోరు విప్పితే నీ పనీ నా డాక్టరీ రెండూ పోతాయి. ఇంటికి పోయి పడుకో" అన్నాడు.

ఆనందమ్మ తిరిగొచ్చి కేసు షీటు చదివింది. మందు వేసిన టైమూ, ప్రాణం పోయిన టైమూ చూసింది. ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. కృపామణి స్టోరు గదిలో దూది కత్తిరిస్తుంటే వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"అడిగినావా?"

"ఏందక్కా?"

"ముందర ఏ మందన్నా పడలేదా అని. సూది పట్టుకునే ముందు అడగాల గదా."

కృపామణి తల అడ్డంగా ఊపింది. ఆనందమ్మ ఆమె చేతిలోని కత్తెర తీసి పక్కన పెట్టింది. "గుచ్చేది నేర్పినాను. అడిగేది నేర్పలేదు" అంది. తననే తిట్టుకుంటున్నట్టు అంది.

కృపామణి ఆ తర్వాత సూది ముట్టలేదు. ఈసీజీలు మాత్రం తీసేది. ఆదివారం చర్చిలో పాటలప్పుడు నిలబడేది గాని నోరు పెగిలేది కాదు. జోయల్‌కు అంతా చెప్పింది. ఆయన విని, "నువ్వు కావాలని చేసినావా? డాక్టరు రాసినాడు, నువ్వు ఏసినావు" అన్నాడు. ఆ మాట ఆమెకు ఊరట కాలేదు. నర్సింగ్ దరఖాస్తుకు పెట్టుకున్న కాగితాలు బీరువాలో చీరల కిందికి తోసేసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు కృపామణి ఒక్కతే ఆటో మాట్లాడుకుని మునెయ్య ఊరికి పోయింది. ఇల్లు ఒడ్డుకు దగ్గర. వాకిట్లో వలలు ఆరేసి ఉన్నాయి. తిరుమలమ్మ అరుగు మీద కూర్చుని చేపలు కోస్తోంది. కృపామణిని చూసి గుర్తుపట్టి, "రా మ్మా సిస్టరూ. ఆ పొద్దు పాపం శానా అవస్థ పడితివి. నీ వేలు కూడా తెగింది" అంది.

కృపామణి నేల మీద కూర్చుంది. "నేను సిస్టర్ని కాదు పెద్దమ్మా" అంది. ఒకసారి మొదలుపెట్టాక ఆపలేదు. ఆ సూది వెయ్యడానికి తనకు చదువు లేదని, వేసే ముందు అడగాల్సింది అడగలేదని, ఆయన పోయింది గుండెతో కాదు ఆ మందుతోనని, మందు విరుగుడు పక్కనే ఉన్నా తాను తెరవడం ఆలస్యమైందని అంతా చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవకూడదని దారిపొడుగునా అనుకుంది. ఏడవలేదు.

తిరుమలమ్మ చేతిలో కత్తి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని లోపలికి పోయి ఆ గుడ్డ సంచి తెచ్చింది. అందులో ప్లాస్టిక్ కవరు. కవరులో పాత చీటీలు. వాటిలోంచి ఒకటి తీసి కృపామణి ముందు పరిచింది. ఆరేళ్ళ కిందటి చీటీ. పైన ఎర్రసిరాతో రెండు లైన్లు, కింద గీత. ఆ మందు పేరే. ఈ రోగికి పడదు, వెయ్యకూడదు అని ఇంగ్లీషులో రాసి ఉంది.

"ఇదేనా?" అంది తిరుమలమ్మ.

"ఇదే."

"పోయినతూరి ఇట్లనే దద్దుర్లు లేసినాయి. ఆ డాక్టరు ఈ చీటీ రాసిచ్చి, యాడికి పోయినా సూపించమన్యాడు. అది ఆ దద్దుర్లకు రాసిన చీటీ గదా, కాలిపుండుకు ఎందుకులే అనుకున్న్యా. ఆ పొద్దు కూడా సంచిలోనే ఉండింది." ఆమె చీటీ వైపే చూస్తోంది. "నాకు సదవను రాదు మ్మా. మీకు వచ్చు గదా."

ఆమె తిట్టలేదు. చీటీ మడిచి కవరులో పెట్టుకుని చేపల దగ్గరికి పోయింది.

సాయంత్రానికి మునిశేఖర్‌కు విషయం తెలిసింది. మరుసటిరోజు ఊరి పెద్దలు నలుగురితో ఆసుపత్రికి వచ్చాడు. గట్టిగా కేకలు పడ్డాయి. డాక్టర్ భానుచందర్ వాళ్ళందరి ముందర, "ఆ అమ్మాయిది మా దగ్గర ఈసీజీ తీసే పని. సూదులు వెయ్యమని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు వేసిందో నాకు తెలీదు" అన్నాడు. కృపామణి అక్కడే ఉంది. ఆయన ఆమె వైపు చూడలేదు. ఆమె, "మీరు చెప్పినారు సార్" అంది. ఆ గొడవలో ఎవరికీ వినపడలేదు, వినపడినా ఎవరూ పట్టించుకోలేదు.

పోలీసుల దాకా పోదామని మునిశేఖర్ అన్నాడు. తిరుమలమ్మ ఒప్పుకోలేదు. "మీ నాయనను మట్టిలోంచి మళ్ళా తియ్యనియ్యను. కోసేది సూడలేను" అంది. పెద్దలు కూర్చుని ఏదో తెగ్గొట్టారు. కృపామణిని ఆ రోజే పనిలోంచి తీసేశారు. పదేళ్ళు చేసినట్టు ఒక కాగితం అడిగితే ఇవ్వలేదు.

ఆనందమ్మ వారం తర్వాత తానే మానేసింది. ఎవరూ పొమ్మనలేదు. చిత్తూరులో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోతూ కృపామణి ఇంటికి వచ్చింది. టీ తాగింది. జెస్సీ తల నిమిరింది.

"నర్సు సదువుకు పొమ్మని నేను సెప్పను, వద్దనీ సెప్పను" అంది. "ఆ మాట సెప్పే ముఖం నాకు లేదు."

ఆ యేడు దరఖాస్తుల గడువు అట్లాగే దాటిపోయింది. కృపామణి జోయల్ పనిచేసే చోటికి దగ్గర్లోనే ఇంకో కంపెనీలో చేరింది. నెత్తికి టోపీ, నోటికి గుడ్డ, చేతులకు తొడుగులు. ఎనిమిది గంటలు నిలబడి చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఏరి అట్టపెట్టెలో పెట్టడం. పక్కన నిలబడినవాళ్ళ ముఖాలు కూడా తెలిసేవి కావు. ఆమెకు అదే బాగుంది. ఇక్కడ ఏ ముక్క పడిపోయినా ఎవరి ప్రాణమూ పోదు. సూళ్లూరుపేట బజారులో కొందరు ఆమెను చూసి పక్కకు తిరిగి మాట్లాడుకునేవాళ్ళు. ఒకరిద్దరు అలవాటు కొద్దీ ఇంకా సిస్టరమ్మా అనేవాళ్ళు. విననట్టు పోయేది.

అట్లా ఏడాదిన్నర గడిచింది. ఒక పొద్దు జెస్సీకి జ్వరం కాస్తే దగ్గర్లోని ఒక క్లినిక్కుకు తీసుకుపోయింది. డాక్టరు చూశాక ఒకామె సిరంజి పట్టుకుని వచ్చింది. తనకంటే నాలుగైదేళ్ళు చిన్నదేమో.

"అది ఏం మందు?" అంది కృపామణి.

"జ్వరానికే అక్కా."

"పేరేంది?"

ఆమె సిరంజి వైపు చూసింది. "పేరు తెలీదక్కా. డాక్టరు ఎత్తిచ్చినాడు. ఏసి రమ్మన్యాడు."

"నువ్వు నర్సింగ్ సదివినావా?"

ఆమె ముఖం మాడ్చుకుంది. "నేను ల్యాబులో చేస్తాను. సిస్టర్ లేదని ఈ పని నాకు సెప్పినారు. ఏం, నా చెయ్యి మంచిదే" అంది.

కృపామణి జెస్సీని ఎత్తుకుని బయటికి వచ్చేసింది. మెయిన్ రోడ్డులో ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయి చూపించింది. జ్వరం రెండు రోజుల్లో తగ్గింది. అయితే ఆమె మనసులో ఆ మాట మెదులుతూనే ఉంది. అదే మాట తనూ అనుకుంది ఒకప్పుడు, తన చెయ్యి మంచిదేనని.

వారం తర్వాత చీరల కిందినుంచి కాగితాలు తీసింది. జోయల్ చూశాడు.

"మళ్ళీనా?" అన్నాడు. ఈసారి ఆయన గొంతులో మునుపటి సంతోషం లేదు. "అంత జరిగినాక నీకు ఆ పని మీద ఇంకా ఇష్టముండాదా?"

"ఇష్టం లేదు" అంది కృపామణి. "ఊరికే కూసోని మాత్రం ఉండలేకపోతాండాను."

"ఆడ ఎవరికన్నా తెలిస్తే?"

"తెలిస్తే పంపించేస్తారు. వచ్చేస్తాను."

జోయల్ అడ్డు చెప్పలేదు. ఆయన తల్లి మాత్రం నెల రోజులు కోడలితో సరిగా మాట్లాడలేదు. మనవరాలిని పెంచడం ఆమెకు కష్టమేమీ కాదు. మనిషిని చంపి మళ్ళీ అదే చదువుకు పోతోందని ఇరుగుపొరుగు అంటుంటే వినలేకపోయింది.

తిరుపతిలో ఒక నర్సింగ్ స్కూల్లో ఆమెకు సీటు వచ్చింది. వయసు గడువుకు అయిదు నెలలుంది. సర్టిఫికెట్లు చూసేచోట కూర్చున్న మేడమ్, "ఇన్నేళ్ళు ఏం చేశావమ్మా?" అని అడిగింది.

"ఈసీజీ టెక్నీషియన్‌గా చేసినాను."

"అనుభవం సర్టిఫికెట్ ఏది?"

"ఇయ్యలేదు మేడమ్."

"ఎందుకు మానేశావు?"

కృపామణి ఆలోచించింది. "ఒక రోగి నా చేతిలో పోయినాడు" అంది. ఆ మేడమ్ తలెత్తి ఆమెను చూసింది. నర్సులందరి చేతుల్లోనూ ఎవరో ఒకరు పోతారు. ఆమె అట్లాగే అర్థం చేసుకున్నట్టుంది. "అందుకే మానేస్తే ఎట్లా? సరే, సంతకం పెట్టు" అంది. కృపామణి ఇంకా చెప్పబోయి, వెనక వరస పొడుగ్గా ఉండడం చూసి, సంతకం పెట్టి బయటికి వచ్చింది. మొత్తం చెప్పి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఆమెకు అనిపిస్తుంటుంది.

హాస్టల్ గదిలో నలుగురు. మిగతా ముగ్గురికీ పద్దెనిమిది, పందొమ్మిది. ఆమెను ఆంటీ అనాలా అక్కా అనాలా అని రెండు రోజులు తికమకపడి అక్కా అన్నారు. ఇంగ్లీషు పాఠాలు ఆమెకు త్వరగా ఎక్కలేదు. మొదటి ఇంటర్నల్ పరీక్షలో ఒక సబ్జెక్టు పోయింది. పొద్దున నాలుగున్నరకు లేచి బాత్రూముల దగ్గర లైటు కింద కూర్చుని కంఠతా పట్టి మళ్ళీ రాసి గట్టెక్కింది. వార్డులో దుప్పట్లు మార్చడం, ఒళ్ళు తుడవడం, మంచాన పడ్డవాళ్ళకు అన్నం తినిపించడం బాగా చేస్తుందని పేరు వచ్చింది. గదిలో ఆడపిల్లలు నవ్వుకుంటుంటే ఆమె పక్కకు తిరిగి పడుకునేది. తన సంగతి వాళ్ళకు చెప్పలేదు.

నెలకొక ఆదివారం జోయల్ పాపను తీసుకుని సూళ్లూరుపేటనుంచి వస్తాడు. గేటు లోపల రేకుల షెడ్డు కింద సిమెంటు బల్లలున్నాయి. అక్కడ కూర్చోవచ్చు. పోయిన ఆదివారం కూడా వచ్చారు. అత్త చేపల పులుసు చేసి పంపింది. ఇన్నాళ్ళకు అదే మొదలు. కృపామణి బల్ల మీద బాక్సు విప్పి ముగ్గురికీ ఆకుల్లో పెట్టింది. జెస్సీ పొడుగైంది. వస్తే అమ్మను అంటుకుని కూర్చునే పిల్ల ఇప్పుడు బల్ల ఆ చివర కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. అడిగినదానికి ఒక్క మాటలో జవాబిస్తోంది.

"మీకు సూదులు ఎప్పుడు నేర్పుతారు?" అన్నాడు జోయల్ మెల్లిగా.

"నేర్పినారు, బొమ్మ మీద. రేపటినుంచి వార్డులో రోగులకు వెయ్యాల. మేడమ్ పక్కనే ఉంటాది."

"ఏస్తావా?"

కృపామణి చేపముల్లు తీసి ఆకు అంచున పెట్టింది. "మొన్న బొమ్మ మీద ఏసేటప్పుడే చెయ్యి వణికింది. పిల్లలు నవ్వినారు."

జోయల్ ఆమె చేతి వైపు చూశాడు. "అన్నం తిను, చల్లారిపోతాది" అన్నాడు.

నాలుగింటికి వాచ్‌మన్ వచ్చి టైమైందన్నాడు. కృపామణి కొళాయి దగ్గర బాక్సు కడిగి, తుడిచి, మూత పెట్టి ఇచ్చింది. జెస్సీని దగ్గరికి తీసుకోబోతే పిల్ల కొంచెం బిగుసుకుని, తర్వాత విడిపించుకోకుండా నిలబడింది. వాళ్ళిద్దరూ బస్టాండ్‌కు ఆటో ఎక్కేదాకా గేటు దగ్గర ఉండి, కృపామణి పైకి పోయి పొద్దున వేసుకోవలసిన యూనిఫాం ఇస్త్రీ చేసుకోవడానికి కూర్చుంది.